విమానము వెనుదిరుగుట పరాభవము కాదు

నూజెండ్ల ప్రాంతమున గుండ్లకమ్మకు వరద వచ్చినపుడు రైతెవ్వడును బండిని ఏటిలోనికి తోలడు. బండిలో ఎంతటి పెద్దమనిషి కూర్చుండినను అప్పుడు తోలువాని మాటయే చెల్లును. నీరు తీయుదాక గట్టున నిలుచుట చిన్నతనమని ఎవరును తలపరు. ఈపాటి వివేకము ఆకాశమున సంచరించు శ్రీమంతులకు కొరవడుచున్నదేమో యని మాకు శంక కలుగుచున్నది.

2023 సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్టణమునుండి 8 మందితో బయలుదేరిన లియర్‌జెట్ అను చిన్న విమానము, జోరువానలో ముంబయి యందు దిగుచు రన్‌వే విడిచి ప్రక్కకు దూసికొనిపోయి విరిగెను. అపుడు చూపు ఆనుదూరము 700 మీటర్లు మాత్రమే. అందఱును ప్రాణములతో బయటపడుట భాగ్యవిశేషము. అది వానకాలపు మాట. చలికాలమున గన్నవరము, హైదరాబాదులందు వేకువను పొగమంచు క్రమ్మును. శీతలదేశములందు రన్‌వేయే గడ్డకట్టును. ఒకచోట కంటికి నేల ఆనదు. వేరొకచోట చక్రమునకు పట్టు చిక్కదు. అట్టి నేలపై వేగము పదియవ వంతు హెచ్చినను, అణచవలసిన శక్తి నూటికి 21 పాళ్లు హెచ్చును.

అమెరికాలోని కొలరాడో కొండలనడుమ ఆస్పెన్ అను పట్టణము కలదు. మంచుక్రీడలకై ధనికులు తమ జెట్ విమానములలో అచటికి పోవుదురు. 2001 మార్చి 29వ తేదీ రాత్రి మంచు పడుచుండగా, బాడుగకు కుదుర్చుకొన్న గల్ఫ్‌స్ట్రీమ్ విమానమొకటి రన్‌వే చేరకమునుపే కూలి, అందున్న 18 మందియు మరణించిరి. విచారణ చేసినవారు పైలట్ల దోషమును చెప్పి అంతటితో ఊరకుండలేదు. విమానమును కుదుర్చుకొన్నవారు కాప్టెనుపై తెచ్చిన ఒత్తిడియు ఈ వినాశమునకు తోడ్పడెనని తేల్చిరి. 2014 జనవరి 5వ తేదీన అచటనే చాలెంజర్ విమానమొకటి, తన పరిమితిని మించిన వెనుగాలిలో దిగబోయి కూలెను; మువ్వురిలో ఒకరు మరణించిరి. మరల పైకి లేచిపోవలసిన వేళ లేవకపోవుటయు ఒక హేతువని నిర్ణయింపబడినది.

చట్టమునందును ఒక వింత కలదు. అమెరికాలో బాడుగ జెట్ విమానము, రన్‌వే పొడవులో నూటికి 60 పాళ్ళలోపల ఆగగలదని సామాన్యముగా ముందే లెక్కచూచుకొని బయలుదేరవలెను. నేల తడిసియుండునని తోచినచో మరి 15 పాళ్ళ పొడవు చేర్చవలెను. యజమాని తన సొంతపనికై సొంత విమానమున పోవునెడల ఈ కట్టుబాటు వర్తింపదు. విమానము ఎవరి సొత్తో మంచుకు తెలియునా?

2021 నవంబరునుండి అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ రన్‌వే స్థితిని 0 మొదలు 6 వరకు అంకెలతో తెలుపు పద్ధతిని అమలులో పెట్టినది. పొడినేలకు 6; పట్టు బొత్తిగా లేని నేలకు 0. మంచి పద్ధతియే. కాని అంకె తెలిసినను, “వద్దు” అను ధైర్యము పైలటుకు లేనిచో దానివలన ప్రయోజనమేమి?

ఎన్నికల సభలకును, వివాహములకును చిన్న జెట్ విమానములను కుదుర్చుకొను మన నాయకులకును ధనవంతులకును మా విన్నపమిది. సభ ఒక జాము ఆలస్యమైనను ప్రజలు మన్నింతురు. ముహూర్తము తప్పినను మరియొకటి దొరకును. “ఇచట దిగరాదు, వేరొక ఊరికి పోవుదము” అని పైలటు చెప్పినపుడు, ఎందుకని గద్దింపక తలయూపుడు. అట్లు చెప్పినందుకు వాని కొలువునకు భంగము రాదని విమానపు యజమానులు ముందే వ్రాతమూలముగా మాట ఇయ్యవలెను. ఆ మాట నిలుచునట్లు చూచుట ప్రభుత్వమువారి విధి.

ఏటిగట్టున బండి నిలిపిన రైతును పిరికివాడని మన పల్లెలలో ఎవరును అనరు. ఆకాశమునుండి వెనుదిరిగిన పైలటుకును అదే మర్యాద దక్కవలెను.