ఇంప్లాంట్‌కు ముందు దవడ ఎముకకు సీటీ స్కాన్ ఎందుకు?
ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు, ఊడిన పంటి స్థానంలో ఇంప్లాంట్ అమర్చుకోవడం పింఛను సొమ్ముతో ముడిపడిన నిర్ణయం. టైటానియం మర నిలిచేది దవడ ఎముక బలంపైనే. మామూలు ఎక్స్‌రే ఎముక ఎత్తును చూపుతుంది గాని మందాన్ని చూపదు. సీటీ స్కాన్ రెంటితోపాటు సాంద్రతనూ తెలుపుతుంది. సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. నీటి విలువ 0. మిష్ వర్గీకరణ ప్రకారం 1250 దాటితే అత్యంత గట్టి ఎముక. 350 లోపు ఉంటే మెత్తనిది. మెత్తని ఎముకలో మర వదులయ్యే ప్రమాదం ఉన్నందున, వైద్యులు రంధ్రాన్ని సన్నగా చేసి, పంటి తొడుగు బిగించేందుకు ఎక్కువ కాలం ఆగుతారు. కింది దవడలోని నాడి ఎంత లోతున ఉందో కూడా స్కాన్‌లో తెలుస్తుంది. అది దెబ్బతింటే పెదవి మొద్దుబారుతుంది. అయితే మధుమేహం, పొగాకు అలవాటు స్కాన్‌లో కనిపించవు. వాటిని వైద్యునికి ముందే తెలియజేయాలి.