బడి ఆవరణలోనే పటం పాఠం

భారతదేశ అవుట్‌లైన్ పటం ఇచ్చి కృష్ణా నదిని గుర్తించమంటే పదో తరగతి విద్యార్థి క్షణాల్లో గీత గీస్తాడు. బడి వెనుక వాగు ఎటు నుంచి ఎటు పారుతుందని అడిగితే అతడే తడబడతాడు. మొదటిది మార్కులు తెచ్చే ప్రశ్న కనుక ఏడాది పొడవునా సాధన చేయిస్తారు. రెండోది ఏ పరీక్షలోనూ రాదు. అయితే భారీ వర్షాలకు ఆ వాగు పొంగినప్పుడు ఊళ్లో ముందుగా మునిగే వీధి ఏదో గ్రహించడానికి అక్కరకొచ్చేది ఈ రెండో జ్ఞానమే.

సాంఘిక శాస్త్రంలో పిల్లలు సాధించాల్సిన విద్యాప్రమాణాల్లో పట నైపుణ్యాలు ఒకటి. ఆచరణలో మాత్రం అది అవుట్‌లైన్ పటాల కట్ట కొనుక్కొచ్చి, అట్లాసు చూసి చుక్కలు పెట్టడంతోనే సరిపోతోంది. చుక్క పెట్టడం వేరు, పటం చదవడం వేరు. దిక్కు, స్కేలు, గుర్తులు అనే మూడు అంశాలూ విద్యార్థి తన చేత్తో ఒక్కసారైనా పటం గీసినప్పుడే ఒంటబడతాయి. ఇందుకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక కర్ర, కొంత బంకమట్టి, కాస్త ముగ్గుపిండి ఉంటే చాలు.

తరగతి గదితో మొదలు

గది పొడవు 8 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు ఉందనుకుంటే, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున గళ్ల నోటుపుస్తకంలో 8 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్ల గీతలతో అది ఇమిడిపోతుంది. తలుపు, కిటికీలు, నల్లబల్ల ఎక్కడున్నాయో కొలిచి గుర్తించాలి. ఆ తర్వాత ఆవరణ. ప్రతి విద్యార్థీ 10 మీటర్ల దూరానికి తనకు ఎన్ని అడుగులు పడతాయో లెక్కించుకుంటే టేపు అవసరం తీరిపోతుంది.

అసలు ప్రశ్న ఇక్కడ వేయాలి. సర్వే ఆఫ్ ఇండియా ముద్రించే 1:50,000 స్కేలు పటంలో కిలోమీటరు దూరం 2 సెంటీమీటర్లవుతుంది. మరి అందులో ఈ గది ఎంత ఉంటుంది? లెక్కిస్తే 0.16 మిల్లీమీటర్లు. పెన్సిల్ గీత అంత మందం కూడా ఉండదు. పెద్ద పటాల్లో తమ ఇల్లు ఎందుకు కనిపించదో, ఊరంతటికీ ఒక్క గుర్తే ఎందుకుంటుందో ఆ లెక్కతో బోధపడుతుంది.

నీడ చెప్పే రేఖాంశం

ఉత్తర దిక్కును దిక్సూచి లేకుండానే కనుగొనవచ్చు. చదునైన నేలపై కర్రను నిటారుగా పాతి, దాని మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయాలి. ఉదయం నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం మళ్లీ తాకిన చోట మరొక గుర్తు పెట్టి, రెండింటినీ కలిపితే తూర్పు పడమరల రేఖ వస్తుంది. సూర్యసిద్ధాంతంలో ఉన్న శంకు పద్ధతి ఇదే. రెండు గుర్తులు పెట్టిన వేళలకు సరిగ్గా నడిమి సమయం ఆ ఊరి అసలైన మధ్యాహ్నం.

ఆ సమయం గడియారంలో 12 గంటలు కాకపోవడంలోనే పాఠముంది. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచి వెళుతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఈ రేఖకు సుమారు 4 డిగ్రీలు పడమరగా ఉన్న హైదరాబాద్‌లో సూర్యుడు 16 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి చేరతాడు. కాస్త తూర్పున ఉన్న విశాఖపట్నంలో 3 నిమిషాలు ముందే చేరతాడు. వచ్చిన తేడాను 4తో భాగిస్తే తమ బడి ప్రామాణిక రేఖాంశానికి ఎంత దూరాన ఉందో పిల్లలే తేల్చగలరు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, భూమి అక్షం వంగి ఉండడం వల్ల సూర్యుడి మధ్యాహ్నం ఏడాదిలో కొంత ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది. నవంబరు మొదట్లో ఈ తేడా 16 నిమిషాలకు చేరుతుంది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ప్రయోగం చేస్తే జవాబు సరిగ్గా 12 గంటలే వచ్చి, పాఠమే తప్పేమోననిపిస్తుంది. సెప్టెంబరు 1 ప్రాంతంలో తేడా దాదాపు శూన్యం కాబట్టి అదే అనువైన సమయం.

నీడ పూర్తిగా మాయమయ్యే రోజులు కూడా బడి తెరిచి ఉన్న కాలంలోనే వస్తాయి. హైదరాబాద్‌లో ఆగస్టు 3 ప్రాంతంలోనూ, తిరుపతిలో ఆ నెల మధ్యలోనూ మిట్టమధ్యాహ్నం కర్రకు నీడ పడదు. అక్షాంశం మారితే తేదీ ఎందుకు మారుతుందో వివరించడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. మబ్బు పట్టకుండా ఉండాలంతే.

తొట్టిలో కొండ

కాంటూరు రేఖలు విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టే అంశం. బంకమట్టితో ఒకవైపు నిట్రంగా, మరోవైపు వాలుగా కొండ చేసి తొట్టిలో ఉంచాలి. రెండు సెంటీమీటర్ల ఎత్తు వరకు నీళ్లు పోసి, నీటి అంచు వెంబడి పుల్లతో గీత గీయాలి. మళ్లీ రెండు సెంటీమీటర్లు పోసి మరో గీత. ఇలా శిఖరం వరకు చేసి, నీళ్లు తీసేసి నేరుగా పైనుంచి చూస్తే నిట్రమైన వైపు గీతలు దగ్గర దగ్గరగా, వాలు వైపు దూరంగా కనిపిస్తాయి. ఒకే గీత మీది చోట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయని ప్రత్యేకంగా చెప్పే పని ఉండదు.

పాత పటాలను పారేయొద్దు

ఉమ్మడి రాష్ట్రాన్ని 23 జిల్లాలతో చూపే గోడ పటాలు ఏ బడిలోనైనా మిగిలి ఉంటే వాటిని పారేయకుండా పాఠంగా మలచుకోవచ్చు. 2014 జూన్ 2న 10 జిల్లాలతో ఏర్పడిన తెలంగాణ 2016 అక్టోబరు 11న 31 జిల్లాలుగా, 2019లో 33 జిల్లాలుగా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత పటంపై పల్చటి కాగితం పరిచి కొత్త సరిహద్దులు గీయిస్తే నదులు, కొండలు ఉన్నచోటే ఉంటూ పాలనా గీతలు మాత్రమే జరగడం కంటికి కనిపిస్తుంది. తమ మండలం ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకు మారిందో, జిల్లా కేంద్రం ఎంత దగ్గరైందో లేక దూరమైందో లెక్కించమనడం పౌరశాస్త్రానికి కూడా పనికొస్తుంది.

ముగ్గుపిండితో ఊరు

అన్నిటికంటే ఎక్కువ సమయం, ఓర్పు కోరేది ఊరి పటం. ముందు రోజు పిల్లలు జట్లుగా ఊరంతా తిరగాలి. మర్నాడు ఆవరణలో ముగ్గుపిండితో బాటలు, ఇటుక ముక్కలతో ఇళ్లు, ఆకులతో పొలాలు, నీలం పొడితో చెరువు, వాగు, కుళాయిలు చూపాలి. వాన నీరు పారే దారిని బాణం గుర్తులతో గీయాలి. తహసీల్దారు కార్యాలయం నుంచి గ్రామ నక్షా ప్రతి దొరికితే, అందులోని చెరువు విస్తీర్ణాన్ని, పిల్లలు చూసి వచ్చిన చెరువును పక్కపక్కన పెట్టవచ్చు. రెండూ సరిపోకపోతే ఆ కారణాలే పెద్ద చర్చకు దారితీస్తాయి.

ఉపాధ్యాయుడు ఒక విషయంలో మెలకువ వహించాలి. బడికి దగ్గరి వీధుల పిల్లలు తమ వాడలను విశాలంగా గీసి, ఊరి చివరి కాలనీని మూలకు నెట్టేయడం జరగవచ్చు. అందుకే ప్రతి జట్టులోనూ అన్ని వాడల పిల్లలూ ఉండాలి. అడుగుల లెక్కతోనే గీయాలి. అప్పుడే ఏ వాడలో కుళాయి లేదో, ఏ ఇళ్ల నుంచి బస్సు ఆగేచోటు రెండింతల దూరమో, బాణాలన్నీ ఎవరి గడపకు చేరుతున్నాయో కనిపిస్తుంది. ఈ అసమానతలను పాఠ్యపుస్తకం సాధారణ వాక్యాల్లోనే చెప్పగలదు.

ఇదంతా ఒక పీరియడులో పూర్తయ్యేది కాదు. సిలబసు ఒత్తిడిలో ఉన్న ఉపాధ్యాయులకు పదో తరగతిలో ఇంత తీరిక చిక్కడం కష్టమే కనుక ఆరు, ఏడు తరగతుల్లోనే, ఒక శనివారం పూటను కేటాయించుకోవడం మేలు. నేలపై పటం పూర్తయ్యాక ఆలస్యం చేయకుండా చార్టు మీదకు ఎక్కించాలి. జల్లు పడితే ఊరంతా కొట్టుకుపోయి పని మళ్లీ మొదటికొస్తుంది.