పోలీసు కొలువుకు పాఠశాల నుంచే సన్నద్ధత

ప్రత్యేక వ్యాసం

ఖాకీ దుస్తులు ధరించి ప్రజాసేవ చేయవలెనన్న ఆకాంక్ష మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల గ్రామీణ యువతలో కొత్తది కాదు. అయితే నియామక ప్రకటన వెలువడిన పిమ్మటనే పుస్తకం తెరవడం, మైదానంలో అడుగు పెట్టడం చాలామందికి పరిపాటి అయింది. కొద్ది నెలల హడావుడితో శరీర దారుఢ్యం గాని, గణితంలో పట్టు గాని సిద్ధించవు. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల నుంచే క్రమబద్ధంగా సాధన చేసిన విద్యార్థికి ప్రకటన ఎప్పుడు వెలువడినా ఇబ్బంది ఉండదు.

గత నియామకం నేర్పిన పాఠం

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన జారీ చేసింది. వీటిలో 3,580 సివిల్ విభాగానికి, 2,520 ప్రత్యేక పోలీసు పటాలాలకు చెందినవి. 2023 జనవరి 22న జరిగిన ప్రాథమిక రాత పరీక్షకు నాలుగున్నర లక్షల మందికి పైగా హాజరు కాగా, 95,208 మంది అర్హత పొందారు. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. తుది రాత పరీక్ష 2025 జూన్ 1న జరిగి, ఫలితాలు ఆగస్టు 1న వెలువడ్డాయి.

రాత పరీక్షకు, పరుగు పందేనికి మధ్య దాదాపు రెండు సంవత్సరాల వ్యవధి ఏర్పడిందన్న విషయం గమనార్హం. ఆ రెండేళ్లూ పరుగు మానక, పుస్తకం విడువక నిలిచిన వారికే తుది పరీక్షలో మేలు జరిగింది. కనుక సాధన ఒక పరీక్ష కోసం చేపట్టే పనిగా కాక, దినచర్యలో భాగం కావాలి.

అర్హతలు

ఆ ప్రకటన ప్రకారం కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత అవసరం. షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థులు పదవ తరగతి ఉత్తీర్ణులై, ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాల పరీక్షలకు హాజరై ఉండాలి. వయసు 18 నుంచి 24 సంవత్సరాలు. వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు 5 సంవత్సరాల సడలింపు కలదు.

పురుషుల ఎత్తు 167.6 సెంటీమీటర్లకు, ఛాతీ 86.3 సెంటీమీటర్లకు తగ్గరాదు. గాలి పీల్చినపుడు ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు విస్తరించాలి. మహిళల ఎత్తు 152.5 సెంటీమీటర్లకు, బరువు 40 కిలోలకు తగ్గరాదు. సివిల్ విభాగంలో మూడింట ఒక వంతు ఉద్యోగాలు మహిళలకు ప్రత్యేకించబడినందున, బాలికలు ఈ అవకాశాన్ని విస్మరించరాదు. రాబోయే ప్రకటనలలో నిబంధనలు మారవచ్చు గనుక ప్రతి పర్యాయం వాటిని అధికారిక ప్రకటనతో సరిచూసుకోవడం అవసరం.

ఎత్తు పెంచుతామని అమ్మే పొడులకు, మాత్రలకు డబ్బు వెచ్చించడం వృథా. ఎదుగుదల పూర్తయిన తరువాత కూడా ఎత్తు చాలని విద్యార్థి నిరుత్సాహపడవలసిన పని లేదు. నేర పరిశోధనకు తోడ్పడే ఫోరెన్సిక్ ప్రయోగశాలలు, పోలీసు కార్యాలయ ఉద్యోగాలు, న్యాయవాద వృత్తి కూడా శాంతిభద్రతలకు సంబంధించినవే.

మైదానంలో సాధన

దేహదారుఢ్య పరీక్షలో 1,600 మీటర్ల పరుగు తప్పనిసరి. దీనిని పురుషులు 8 నిమిషాలలో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. అంటే 400 మీటర్ల చుట్టు ఒక్కొక్కటి పురుషులు 2 నిమిషాలలో పూర్తి చేస్తూ నాలుగు చుట్లు తిరగాలి. సివిల్ విభాగం వారు దీనితో పాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్‌లలో ఏదో ఒకదానిలో అర్హత పొందాలి. 100 మీటర్లను పురుషులు 15 సెకన్లలో, మహిళలు 18 సెకన్లలో పరుగెత్తాలి. లాంగ్ జంప్‌లో పురుషులు 3.80 మీటర్లు, మహిళలు 2.75 మీటర్లు దూకాలి.

ఇందుకు ఖరీదైన వ్యాయామశాల అక్కరలేదు. పాఠశాల మైదానాన్ని టేపుతో కొలిచి 200 మీటర్ల చుట్టు గుర్తు పెట్టుకుంటే, ఎనిమిది చుట్లలో 1,600 మీటర్లు పూర్తవుతాయి. మొదటి నెల వేగంగా నడవడం, మధ్య మధ్య నెమ్మదిగా పరుగెత్తడం చాలు. క్రమంగా దూరం, ఆ పిమ్మట వేగం పెంచాలి. వారంలో కనీసం ఒక రోజు విశ్రాంతి అవసరం. తారురోడ్డు కంటె మట్టి నేల మోకాళ్లకు మేలు. మన ప్రాంతపు రాగిసంగటి, ఉలవలు, వేరుశనగ, పప్పు, ఆకుకూరలు, వీలైతే గుడ్లు మంచి పోషకాహారం.

రాత పరీక్ష

ప్రాథమిక పరీక్షలో 200 ప్రశ్నలు, 200 మార్కులు, వ్యవధి 3 గంటలు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. అంకగణితం, తార్కిక సామర్థ్యం, ఆంగ్లం, సామాన్య శాస్త్రం, భారతదేశ చరిత్ర, భూగోళం, రాజ్యవ్యవస్థ, ఆర్థిక వ్యవస్థ, వర్తమాన వ్యవహారాలు ఇందులోని అంశాలు. వీటిలో అధిక భాగానికి పునాది 6 నుంచి 10 తరగతుల పాఠ్యపుస్తకాలలోనే ఉన్నది. శాతాలు, నిష్పత్తులు, కాలము–దూరము వంటి లెక్కలను రోజుకు పది చొప్పున చేయడం, దినపత్రిక చదివి ముఖ్యాంశాలు రాసుకోవడం అలవాటు చేసుకోవాలి.

నడవడికయే తొలి అర్హత

ఎంపికైన అభ్యర్థి పూర్వాపరాలను విచారించిన తరువాతనే నియామకం జరుగుతుంది. వివరాల పత్రంలో కేసుల గురించి అడిగిన సమాచారాన్ని దాచిపెట్టరాదు. అభ్యర్థి ఇచ్చే సమాచారం సత్యమై ఉండాలని, దాచడం ఉద్యోగానికే ముప్పు తేగలదని అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసింది. క్షణికావేశంలో జరిగే కొట్లాటలు, సామాజిక మాధ్యమాలలో దూషణలు ఏళ్ల శ్రమను బూడిదలో పోసిన పన్నీరు చేయగలవు.

మైనర్లు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా వాహన యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించేందుకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం వీలు కల్పించింది. ఆ బాలునికి 25 సంవత్సరాలు నిండే వరకు లైసెన్సు లభించదు. రేపు చట్టాన్ని అమలు చేయదలచినవారు నేడు దానిని పాటించడం కనీస ధర్మం. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారుల మాట విని తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టరాదు.

సరిహద్దు ప్రాంతపు వరం

కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు కలిసే చోట కుప్పం ఉన్నది. పుంగనూరు, మదనపల్లె కూడా కర్ణాటకకు చేరువలోనివే. సంతలో, బస్సులో పిల్లలకు సహజంగా అబ్బే కన్నడ, తమిళ పరిచయం ఫిర్యాదుదారు గోడు వినే పోలీసుకు ఎంతో అక్కరకు వస్తుంది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారాన్ని ఏ పోలీసు స్టేషనులోనైనా నమోదు చేసే వీలును 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కల్పించింది. కనుక సరిహద్దు స్టేషన్లలో పొరుగు భాషల పరిజ్ఞానం మరింత ఉపయుక్తం.

ఇతర మార్గాలు

పట్టభద్రులు సబ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి, గ్రూప్–1 ద్వారా డీఎస్పీ పదవికి, సివిల్ సర్వీసుల పరీక్ష ద్వారా ఐపీఎస్‌కు పోటీపడవచ్చు. పదవ తరగతి అర్హతతో కేంద్ర సాయుధ బలగాలలో కానిస్టేబుల్ అయ్యే అవకాశం ఉన్నది. ఆ పరీక్షను 2024 నుంచి తెలుగులో కూడా రాయవచ్చు. 2018లో జాతీయ స్థాయిలో ప్రారంభమైన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ కార్యక్రమం, ఎన్‌సీసీ ఉన్న పాఠశాలల విద్యార్థులు వాటిలో చేరితే క్రమశిక్షణ చిన్ననాటనే అలవడుతుంది.

ఎంపిక కాని వారికి సైతం ఈ సాధన వ్యర్థం కాదు. దృఢమైన శరీరం, లెక్కలలో పట్టు, మచ్చలేని నడవడిక ఏ వృత్తిలోనైనా ఆదుకుంటాయి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, వ్యాయామోపాధ్యాయులు పిల్లలను ఈ దిశగా ప్రోత్సహించవలసి ఉన్నది.