పాత మోటారుసైకిళ్ళ అల్యూమినియం ఇంజను భాగాల పునరుద్ధరణ

పాత మోటారుసైకిళ్ళ అల్యూమినియం ఇంజను భాగాల పునరుద్ధరణ అనగా దశాబ్దాల వాడకం వలన మురికిపట్టి, క్షయానికి లోనైన క్రాంక్ కేసు, సిలిండరు హెడ్, పక్క మూతలు మొదలైన భాగాలను వాటి కొలతలు, గుర్తులు చెడకుండా శుభ్రపరచి, తిరిగి వాడుకలోకి తెచ్చే పని. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వంటి గ్రామాలున్న నెల్లూరు జిల్లా తీరప్రాంతంలో ఉప్పుగాలి కారణంగా ఈ పనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

నేపథ్యం

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారుసైకిలు తయారీకి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. దీని కర్మాగారం తిరువొత్తియూరులో ఉండేది. మైసూరులోని ఐడియల్ జావా సంస్థ జావా, యెజ్డీ బండ్లను తయారుచేసి 1996లో మూతపడింది. పాత బుల్లెట్‌లో సిలిండరు పోత ఇనుముతోను, సిలిండరు హెడ్, క్రాంక్ కేసు, పక్క మూతలు అల్యూమినియం మిశ్రమలోహంతోను చేయబడ్డాయి. అల్యూమినియం సాంద్రత ఇనుము సాంద్రతలో సుమారు మూడవ వంతు మాత్రమే. పైగా ఇది వేడిని త్వరగా బయటకు పంపుతుంది. ఇంజనులో దీనిని వాడడానికి ఈ రెండూ ముఖ్య కారణాలు.

క్షయానికి కారణాలు

అల్యూమినియానికి ఇనుము వలె ఎర్రని తుప్పు పట్టదు. గాలి తగలగానే దానిపై కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడు పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. కాని సముద్రపు గాలిలోని ఉప్పు, అనగా క్లోరైడు, ఈ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. అప్పుడు పైన తెల్లని పొడి, దాని క్రింద సన్నని గుంటలు ఏర్పడతాయి. ఉప్పు మడుల దారులలోను, రొయ్యల చెరువుల గట్లపైనను తిరిగే బండ్లకు ఉప్పు కలిసిన బురద కూడా అంటుకుంటుంది.

ఉక్కు బోల్టులు అల్యూమినియంలో బిగించి ఉన్నచోట ఉప్పునీరు చేరితే, ఆ రెండు లోహాల నడుమ విద్యుత్ రసాయన చర్య జరుగుతుంది. ఇందులో నష్టపోయేది అల్యూమినియమే. బోల్టు మరలలో ఆక్సైడు నిండి బోల్టు పట్టేస్తుంది.

విప్పుట

పట్టేసిన బోల్టును బలంగా తిప్పితే విరిగిపోతుంది, లేదా మరలు ఊడివస్తాయి. మరలలోకి ఇగిరే నూనె వేసి ఒక రాత్రి ఉంచి, తరువాత చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడిగాలితో సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయాలి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక పట్టు సడలుతుంది. బేరింగులను తీయడానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అల్యూమినియం కరిగేముందు ఎర్రబడదు. అందువలన నేరుగా గ్యాసు మంట పెట్టడం ప్రమాదకరం.

శుభ్రపరచే విధానం

ముందుగా జిడ్డును కిరసనాయిలుతో, నైలాను బ్రష్‌తో తొలగించి, తరువాత సబ్బు నీటితో కడగాలి. ఉప్పు పోవడానికి మంచినీటితో పలుమార్లు కడిగి ఆరబెట్టాలి. పెట్రోలు ఆవిరి సులభంగా అంటుకుంటుంది కనుక దానిని వాడరాదు. హెడ్‌లోని మసిని చెక్క లేదా ప్లాస్టిక్ పలకతో గీకాలి. ఉక్కు తీగ బ్రష్ వాడితే ఉక్కు రేణువులు లోహంలో గుచ్చుకొని తరువాత తుప్పు మరకలు పడతాయి. పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. వాటిని పొడిగా గీకక, తడిపి తీయాలి.

కాస్టిక్ సోడా జిడ్డును త్వరగా వదలగొట్టినా, హైడ్రోజనును వెలువరిస్తూ అల్యూమినియాన్నే కరిగిస్తుంది. కట్టెల బూడిద కూడా క్షార గుణం కలదే. బాత్రూములు కడిగే యాసిడ్‌లో క్లోరైడు ఉంటుంది. ఇంట్లో పాత్రలకు, నేలకు పనికివచ్చే ఈ మూడూ ఇంజనుకు పనికిరావు.

గాజు పూసలను నీటితో కలిపి చిమ్మే పద్ధతిలో పోతపోసిన నాటి మసక రంగు తిరిగి వస్తుంది. అయితే పాత బుల్లెట్ ఇంజనులో నూనె తొట్టి క్రాంక్ కేసులోనే భాగం. నూనె దారులలో ఒక్క గింజ మిగిలినా అది బేరింగును పాడుచేస్తుంది. అందుచేత ప్రతి దారిని ఒత్తిడి గల గాలితోను, నీటితోను శుభ్రం చేసిన తరువాతనే బిగించాలి.

మెరుగు, రక్షణ

మొదటి నుండి మెరుపు గల పక్క మూతలను 400, 600, 800, 1200 నంబర్ల వాటర్ పేపరుతో వరుసగా రుద్ది, గుడ్డ చక్రంపై మెరుగు పెడతారు. లోతైన గుంటలను పూర్తిగా పోగొట్టాలని అరగదీస్తే మూత పలుచబడుతుంది. కొన్ని గుంటలను వదిలివేయడమే మేలు. గాస్కెట్ కూర్చునే అంచులను మెరుగు చక్రానికి తాకించరాదు. పని ముగిసిన తరువాత పలుచగా మైనం పట్టించాలి. పారదర్శక వార్నిష్ పూస్తే, గీత పడినచోట ఉప్పు తేమ దాని క్రిందికి చేరి మచ్చలు పాకుతాయి. ఊడిన మరలకు తీగ చుట్ట మరలు అమర్చవచ్చు. పగుళ్ళను ఆర్గాన్ వెల్డింగుతో అతుకుతారు.

వరద నీటిలో మునిగిన ఇంజను

2021 నవంబరులో పెన్నా నదికి వచ్చిన వరదలలో నెల్లూరు జిల్లాలోని పలు ప్రాంతాలు నీట మునిగాయి. ఇట్లా మునిగిన బండిని కిక్ కొట్టరాదు. నీరు కుదించబడదు కనుక సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్పార్క్ ప్లగ్ తీసి, నీటిని, పాలవలె తెల్లబడిన నూనెను తీసివేసి, వీలైనంత త్వరగా ఇంజను విప్పాలి.

ఇంజను నంబరు

క్రాంక్ కేసుపై ముద్రించిన ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రంలోని నంబరుతో సరిపోవాలి. మెరుగు పెట్టేటప్పుడు ఈ అంకెలు అరిగిపోతే బండి గుర్తింపే సందేహంలో పడుతుంది. 2021 జులైలో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. కనుక నంబరు ఉన్న భాగాన్ని ముందుగానే ఫొటో తీసి, పట్టీతో కప్పి, చేతితో మాత్రమే శుభ్రపరచాలి.