ఇంట్లోనే వాసన నూనె

తెనాలి నుంచి రేపల్లెకు రైలు పోతుంది. దారి పొడుగునా వరి పొలాలే. నాట్ల రోజుల్లో ఆ పొలాల నిండా ఆడవాళ్ళే. పొద్దున వంచిన నడుము సాయంత్రానికి గాని ఎత్తరు. రాత్రి ఇంటికొచ్చాక కూతుర్ని పిలుస్తారు.

"అమ్మాయ్! కాస్త నడుముకి నూనె రాయవే."

నూనె రాసి మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. బిగిసిన కండలు సడలుతాయి. చర్మం పగలదు. నూనెకు మంచి వాసన ఉంటే మనసుకి కూడా హాయి.

బజారులో వాసన నూనె సీసాలు దొరుకుతాయి. వాటిల్లో అన్నీ గింజల నూనెలు కావు. కొన్నిటిలో ఉండేది పెట్రోలియం నుంచి తీసిన నూనె. దానికి రంగు, సెంటు కలుపుతారు. సీసా మీద చిన్న అక్షరాల్లో "మినరల్ ఆయిల్" అనో, "లిక్విడ్ పారాఫిన్" అనో ఉంటుంది. ఒంటికి రాసుకుంటే అది విషమేమీ కాదు. కాని నువ్వుల నూనె అనుకొని దాన్ని కొనడం ఎందుకు? కొనే ముందు సీసా తిప్పి చదవండి.

మంచి వాసన నూనె ఇంట్లోనే చేసుకోవచ్చు.

వాసన నూనెలోకి ఎలా వస్తుంది?

పువ్వులో, ఆకులో, వేరులో వాసననిచ్చే పల్చని నూనె కొద్దిగా ఉంటుంది. అది గాలిలో తొందరగా కలిసిపోతుంది. అందుకే మల్లెపూలు పక్క గదిలో ఉన్నా మనకు తెలుస్తుంది. ఆ వాసన నీళ్ళల్లో సరిగా కరగదు. నూనెలో బాగా కరుగుతుంది. వేరును నూనెలో నానేస్తే దాని వాసన నూనెలోకి దిగుతుంది.

రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మంట ఎక్కువైతే వాసన ఆవిరైపోతుంది. తడి తగిలితే నూనెకు బూజు పట్టి పాడవుతుంది.

వట్టివేరు నూనె

వట్టివేరు ఒక గడ్డి వేరు. వేసవిలో కుండ నీళ్ళల్లో వేసుకుంటారు. బాపట్ల వైపు ఉండే ఇసుక నేలల్లాంటి చోట ఈ గడ్డి బాగా పెరుగుతుంది. పచారీ కొట్లో ఎండు వేరు కట్టలుగా అమ్ముతారు.

కావలసినవి: నువ్వుల నూనె పావు లీటరు. వట్టివేరు 25 గ్రాములు.

1. వేరుకున్న మట్టి పోయేలా కడగండి. రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళల్లో తడి తొందరగా ఆరదు. వాన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

2. ఎండిన వేరును చిన్న చిన్న ముక్కలు చెయ్యండి. తడి లేని గిన్నెలో నూనె పోసి అందులో వెయ్యండి.

3. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి. ఆ నీళ్ళల్లో నూనె గిన్నె ఉంచండి. సన్నని మంట మీద గంటసేపు ఉంచండి. నీళ్ళు మరిగే వేడిని మించి నూనె వేడెక్కదు. అందువల్ల వేరు మాడదు. పెద్ద గిన్నెలో నీళ్ళు తగ్గితే మళ్ళీ పొయ్యండి. నూనెలో మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు.

4. దించి, చల్లారాక మూత పెట్టండి. మూడు రోజుల తర్వాత పొడి గుడ్డతో వడకట్టి గాజు సీసాలో పొయ్యండి.

నూనెను నేరుగా మంట మీద పెట్టి వదిలెయ్యకండి. ఎప్పుడైనా నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకండి. మంట ఇంకా ఎగుస్తుంది. పొయ్యి ఆపి, గిన్నె మీద మూత పెట్టండి.

మల్లె నూనె

మల్లెపూలను కాచకూడదు. కాస్తే వాసన పోతుంది. మల్లెమొగ్గ కోసిన తర్వాత కూడా రాత్రి విచ్చుకొని వాసననిస్తుంది. ఆ వాసనను పట్టుకోవాలి.

ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ మల్లెజాతి పూల నూనెకు పేరు పొందింది. అక్కడి పాత పద్ధతి ఇది. నువ్వుల మీద ఒక వరస పూలు, మళ్ళీ నువ్వులు, మళ్ళీ పూలు పేరుస్తారు. వాడిన పూలు తీసి కొత్తవి వేస్తారు. వాసన బాగా పట్టాక ఆ నువ్వులను గానుగ ఆడిస్తారు.

ఇంట్లో కొద్దిగా కావాలంటే, సాయంత్రం తడి లేని మొగ్గలను నువ్వుల నూనెలో వెయ్యండి. పొద్దున తీసెయ్యండి. ఇలా వారం రోజులు కొత్త మొగ్గలు వేస్తూ పోవాలి. ఆఖర్న వడకట్టాలి. అడుగున నీటి తేట కనిపిస్తే పై నూనె ఒక్కటే వంచుకోవాలి.

కొత్త నూనె ఏదైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి. దురద, ఎర్రదనం వస్తే వాడకండి.

చంటిబిడ్డకు ఏ నూనె?

బిడ్డకు స్నానం పోయబోతూ అత్తగారు నూనె గిన్నె అందుకుంది.

"ముక్కులో రెండు చుక్కలు వేస్తే పడిశం పోతుందే" అంది.

"వద్దత్తయ్యా. ముక్కులో వేస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ఆయాసం, జబ్బు వస్తాయని ఆశా అక్క చెప్పింది."

"మా రోజుల్లో అందరం వేసేవాళ్ళమే కదే!"

"వేశారు. ఎవరికి ఎందుకు దగ్గు పట్టుకుందో అప్పుడు తెలియలేదు."

అత్తగారు కాసేపు మాట్లాడలేదు. "సరేలే, ఒంటికే రాస్తాను" అంది.

కోడలి మాట నిజం. బిడ్డ ముక్కులో, చెవుల్లో, బొడ్డులో నూనె వెయ్యకూడదు. బిడ్డకు వాసన నూనె అక్కర్లేదు. మంచి కొబ్బరి నూనె చాలు. మెల్లగా రాయాలి. గట్టిగా పిసకకూడదు.

నొప్పులకు పెద్దవాళ్ళు నూనెలో కర్పూరం కలిపి రాసుకుంటారు. అది పిల్లలకు రాయకూడదు. కర్పూరం కొంచెం మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికి కూడా వస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

పెద్దవాళ్ళకైనా కీలు వాచినా, నొప్పి వారమైనా తగ్గకపోయినా నూనెతో సరిపెట్టుకోవద్దు. డాక్టరుకి చూపించుకోవాలి.

సీసా మీద రాయండి

నూనె పోసిన సీసాకు చిన్న కాగితం అంటించి ఇలా రాయండి:

వట్టివేరు నూనె
చేసిన తేదీ
ఒంటికి రాసుకోవడానికే. తాగకూడదు.
చంటిపిల్లలకు వద్దు.

ఎండ తగలని చోట, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. మూడు నెలల్లో వాడెయ్యండి. చెడు వాసన వస్తే పారెయ్యండి.

డ్వాక్రా సంఘం తరపున చేసి అమ్మాలనుకుంటే ముందు లైసెన్సు తీసుకోవాలి. ఇంట్లో వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ నాలుగు మాటల కాగితం మాత్రం ఇంట్లోనూ ఉండాలి. రేపు ఆ సీసా ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు.

చెప్పండి

1. నూనె గిన్నెను నీళ్ళ గిన్నెలో ఎందుకు పెట్టాలి?
2. బిడ్డ ముక్కులో నూనె ఎందుకు వెయ్యకూడదు?
3. మీ ఇంట్లో ఉన్న నూనె సీసా మీద ఏం రాసి ఉంది? చదివి మీ పక్కింటి వాళ్ళకు చెప్పండి.