రెండు జాబితాలు – ఒక ఉమ్మడి గుర్తు

సమాచారమంతా ఒకేచోట పుట్టదు. కళాశాలలో ప్రవేశాల వేళ విద్యార్థుల పేర్లు ఒక పుస్తకంలోకి ఎక్కుతాయి. పరీక్షలు ముగిశాక మార్కులు మరొక పట్టికలో చేరుతాయి. గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు ఒకచోట, వాటిని తీసుకువెళ్లినవారి వివరాలు ఇంకొకచోట ఉంటాయి. విడిగా చూస్తే ఏ జాబితా అయినా సగం మాటే చెబుతుంది. రెండింటినీ సరిగా కలిపినప్పుడే పూర్తి విషయం బోధపడుతుంది. ఆ కలపడం కంప్యూటరులో ఎలా జరుగుతుందో, అందులో పొరపాటు ఎక్కడ పొంచి ఉంటుందో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఈ పని మన సాహిత్యానికి కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను సరిపోల్చి, పరిష్కృత ప్రతులను సిద్ధం చేయించాడు. ఇటువంటి పరిష్కరణలో ఒక ప్రతిలోని పద్యం మరొక ప్రతిలో ఎక్కడ ఉందో వెదకడం ముఖ్యమైన పని. అన్ని ప్రతులలోనూ పద్యాల సంఖ్యలు ఒకే తీరుగా ఉండవు. కాబట్టి పద్యపు తొలి మాటలనే గుర్తుగా తీసుకోవలసి వస్తుంది. ఆ తొలి మాటలను అకారాది క్రమంలో పెట్టుకొంటే వెదుకులాట సులువవుతుంది. ముద్రిత కావ్యాల చివర కనిపించే పద్యసూచికకు ఇదే ప్రయోజనం. ఉమ్మడి గుర్తు, అకారాది క్రమం – ఈ రెండే కంప్యూటరులోని జోడింపునకు కూడా ఆధారాలు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1969లో యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ రూపుదిద్దుకోవడం మొదలైంది. చిన్న చిన్న పనిముట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క పనిని చక్కగా చేయాలన్నది దాని నిర్మాతల ఆశయం. 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్, సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, ఉమ్మడి విలువల ఆధారంగా వాటిని కలిపే సిద్ధాంతాన్ని ప్రకటించాడు. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ సంచికలో ‘జాయిన్’ అనే ఆజ్ఞ కనిపిస్తుంది. నేటి లినక్స్ కంప్యూటర్లలోనూ అది ఉన్నది. ఈ ఆజ్ఞలను యంత్రానికి ఆంగ్ల అక్షరాలలోనే ఇవ్వాలి. ఇక్కడ వాటి ఉచ్చారణను మాత్రం తెలుగులో రాస్తున్నాం.

సాదా అక్షరాలతో కూడిన ఫైలులో ఒక్కొక్క వరుసను పంక్తి అంటారు. పంక్తిలో ఖాళీ చేత వేరుపడిన భాగాలను గడులు అనుకొందాం. ‘పేర్లు’ అనే ఫైలులో ఈ పంక్తులున్నాయి:

101 సీత
102 గోపాల్
103 మేరీ
104 రహీం

‘మార్కులు’ అనే ఫైలులో ఇవి ఉన్నాయి:

101 78
103 85
104 64
105 71

రెండింటిలోనూ మొదటి గడిలో ఉన్నది విద్యార్థి సంఖ్య. అదే ఉమ్మడి గుర్తు. ‘జాయిన్ పేర్లు మార్కులు’ అని ఆజ్ఞాపిస్తే తెర మీద ఈ ఫలితం వస్తుంది:

101 సీత 78
103 మేరీ 85
104 రహీం 64

యంత్రం ఈ పనిని ఎలా చేస్తుంది? రెండు పుస్తకాలను పక్కపక్కన తెరిచి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క వేలు ఉంచిన గుమాస్తాను ఊహించుకోండి. రెండు వేళ్ల కింద ఉన్న గుర్తులు సమానమైతే ఆ పంక్తులను కలిపి రాస్తాడు. సమానం కాకపోతే, క్రమంలో ముందు వచ్చే గుర్తు ఉన్న వైపు వేలును ఒక పంక్తి కిందికి జరుపుతాడు. వెనుకకు తిరిగి చూడవలసిన అవసరమే ఉండదు. ఒక్కొక్కటి వేయి పంక్తులున్న రెండు జాబితాలలో ప్రతి పంక్తినీ ప్రతి పంక్తితో పోల్చితే 10 లక్షల పోలికలు అవుతాయి. గుర్తులు పునరుక్తం కాకుండా క్రమంలో ఉంటే, ఈ పద్ధతిలో 2 వేల లోపు పోలికలతో పని ముగుస్తుంది.

అయితే ఈ సౌలభ్యానికి ఒక నియమం ఉన్నది. రెండు ఫైళ్లూ ముందుగానే క్రమంలో ఉండాలి. ఆ పనికి ‘సార్ట్’ అనే మరొక ఆజ్ఞ ఉన్నది. జాయిన్ సంఖ్యలను విలువనుబట్టి పోల్చదు. నిఘంటువులోని పదాల వలె ఎడమ నుంచి ఒక్కొక్క అక్షరంగా పోలుస్తుంది. ఆ లెక్కన 9, 10, 100 అనే సంఖ్యల క్రమం 10, 100, 9 అవుతుంది. వాటిని విలువల క్రమంలో పెట్టి జాయిన్‌కు అప్పగిస్తే వేళ్లు దారి తప్పి, నిజంగా కుదరవలసిన జతలు తప్పిపోవచ్చు. 009, 010, 100 అని అంకెల సంఖ్యను సమానం చేస్తే రెండు క్రమాలూ ఒకటవుతాయి. ఆ మార్పును రెండు ఫైళ్లలోనూ చేయాలి. 9, 009 అనేవి యంత్రం దృష్టిలో వేరు వేరు గుర్తులు.

ఇప్పుడు పై ఫలితాన్ని మరొకసారి పరిశీలించండి. నలుగురి పేర్లు ఇచ్చాం. ముగ్గురే బయటికి వచ్చారు. 102వ సంఖ్య గల గోపాల్ లేడు. 71 మార్కులు వచ్చిన 105వ సంఖ్య కూడా లేదు. జాయిన్ అబద్ధం చెప్పలేదు. జత కుదిరిన పంక్తులను మాత్రమే చూపడం దాని స్వభావం. కుదరనివి చప్పుడు లేకుండా జారిపోయాయి. గోపాల్ పరీక్షకు రాలేదా? వచ్చి రాసినా, ఎక్కించేటప్పుడు 102కు బదులు 105 అని పడిందా? ఈ ప్రశ్నకు సమాధానం ఫైళ్లలో లేదు. జవాబు పత్రం చూసి తేల్చుకోవాలి. కానీ ప్రశ్న ఉన్నదని కూడా తెలియకుండా మూడు పంక్తుల జాబితాను గోడకు అంటిస్తే, ఒక విద్యార్థి శ్రమ మాయమైనట్లే. ఉపకారవేతనాల జాబితాలోనో, పింఛన్ల జాబితాలోనో ఇదే జరిగితే ఒక ఇంటి పొయ్యి మీద దాని ప్రభావం పడుతుంది.

ఈ ప్రమాదానికి విరుగుడు ఆ ఆజ్ఞలోనే ఉన్నది. జాయిన్ తరువాత అడ్డగీత, ‘వి’ అక్షరం, ఫైలు వరుస సంఖ్య చేర్చితే, ఆ ఫైలులో జత కుదరని పంక్తులు మాత్రమే కనిపిస్తాయి. ‘వి’కి బదులు ‘ఎ’ అని ఇస్తే జత కుదిరినవాటితోపాటు అవి కూడా వస్తాయి. రెండు ఫైళ్లకూ ఈ పరీక్ష చేయడం మంచి అలవాటు.

గుర్తును ఎన్నుకోవడంలోనూ విచక్షణ అవసరం. పేరును గుర్తుగా తీసుకొందామంటే, ఒకచోట ‘లక్ష్మి’ అని, మరొకచోట ‘లక్ష్మీ’ అని రాస్తాం. మనకు ఆమె ఒక్కరే, యంత్రానికి ఇద్దరు. ఇంటిపేరు ముందు రాసేవారు కొందరు, వెనుక రాసేవారు కొందరు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో కంటికి కనిపించని విడదీత గుర్తు ఒక ఫైలులో ఉండి మరొకదానిలో లేకపోయినా జత కుదరదు. ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఖాళీ ఉంటే ఒక పేరే రెండు గడులవుతుంది. అప్పుడు గడులను కామాతో వేరుచేసి, ఆ సంగతి ఆజ్ఞలో తెలపాలి. ఒకే గుర్తు ఒక ఫైలులో రెండుసార్లు, రెండవ ఫైలులో రెండుసార్లు ఉంటే ఫలితంలో నాలుగు పంక్తులు వస్తాయి. కనుక మారనిది, మరొకరికి లేనిది అయిన సంఖ్యయే మేలైన గుర్తు.

పరిష్కర్త రెండు ప్రతులను పోల్చేటప్పుడు ఒకదానిలో లేని పద్యాన్ని వెంటనే కొట్టివేయడు. అది ప్రక్షిప్తమా, లేక రెండవ ప్రతి రాసిన లేఖకుడు విడిచినదా అని విచారిస్తాడు. జాబితాలను కలిపేవారికీ అదే ధర్మం. యంత్రం జతలను కలుపుతుంది. జత కుదరని పంక్తి ఎవరిదో అడగవలసినది మనమే.