మన బియ్యం తింటే షుగర్ బిళ్ళ ఆపెయ్యొచ్చా?

నవార వరి నారుమడి నుంచి బియ్యం ఆడించే దాకా పై వీడియోలో చూపించాం. ఆ బియ్యం గురించే మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది. దానికి వీడియోలో ఒక్క మాటలో జవాబు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్ళాక విజయవాడ పటమట నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ఆరు నెలలుగా మా దగ్గర నవార బియ్యం తీసుకుంటున్నారు. "మీ బియ్యం మొదలుపెట్టాక బిళ్ళలు మానేశానండీ. ఇప్పుడు కాలివేలికి పుండు పడింది, మానట్లేదు. షుగర్ 380 ఉందంటున్నారు. ఈ బియ్యం మార్చి వేరేది పంపుతారా?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, ఇంకా నమ్మకమే ఉంది. నాకు మాత్రం నోట మాట రాలేదు. "షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మందులా పనిచేస్తుందండీ" అని సంచి కడుతూ చెప్పింది నేనే మరి.

వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. ఇన్సులిన్ పెట్టారు, పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. వేలు దక్కింది. అప్పటినుంచి ఈ విషయం గురించి చదువుతూ, తెలిసిన డాక్టర్లను అడుగుతూ వచ్చాను.

మన ప్రాంతంలో ఆహారంతో ఆరోగ్యం అనే మాట కొత్తది కాదు. కృష్ణా కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు గారి ఆశ్రమం ఉంది. అక్కడ ఉప్పు, నూనె లేని వంట. అదే విజయవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మాని కొబ్బరినూనె లాంటి కొవ్వులు తీసుకోమన్నారు. మైసూరు నుంచి ఖాదర్ వలీ గారు కొర్రలు, అరికలు, సామలు, ఊదలు, అండుకొర్రలు తినమన్నారు. ఒకరు నూనె వద్దంటారు, ఒకరు నూనే తాగమంటారు. మూడు దారుల్లోనూ షుగర్ తగ్గిందనేవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. ఇదెలా సాధ్యం?

మూడింటిలోనూ పళ్ళెం నిండా తెల్లన్నం పోయింది. స్వీట్లు, బజ్జీలు పోయాయి. చాలామందికి బరువు తగ్గింది. అసలు పని చేసింది ఎక్కువగా ఇదే అనుకోవచ్చు. ఇంగ్లీషు వైద్యం కూడా ఇదే చెబుతోంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. టైప్ 2 షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్ళకి తిండి బాగా తగ్గించి బరువు దించారు. ఏడాదికి నూటికి 46 మందికి బిళ్ళలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్ళలో నూటికి 86 మందికి వచ్చింది. కానీ అక్కడ బిళ్ళలు ఆపించింది డాక్టర్లే, పరీక్షలు చేస్తూ ఆపించారు. తర్వాత బరువు మళ్ళీ పెరిగినవాళ్ళలో షుగరూ తిరిగొచ్చింది.

కాబట్టి తిండి మార్చడం ఉత్త మాట కాదు. అలాగని బియ్యం రకం మార్చి, అదే కొలతలో తింటే లాభం లేదు. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములుంటే, కొర్రల్లో దాదాపు 60 ఉంటుంది. దేశవాళీ దంపుడు బియ్యంలో పీచు ఎక్కువే, కానీ అదీ పిండే.

ఇంగ్లీషు మందులన్నీ అమాయకమైనవీ కావు. ఒళ్ళునొప్పులకు మనం కొనుక్కుని మింగే డైక్లోఫెనాక్‌నే తీసుకోండి. ఆ మందు వేసిన పశువులు చనిపోతే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి రాలిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. మనుషుల్లోనూ రోజూ ఇష్టం వచ్చినట్టు వాడితే కిడ్నీలకు ముప్పే. అదే విధంగా పేరూ ఊరూ లేని పొడుల్లో స్టెరాయిడ్లు, సీసం, పాదరసం బయటపడ్డ సందర్భాలున్నాయి. ఏ. కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో కుటుంబాలు పడుతున్న బాధ తెలిసిన జిల్లా మనది. ఏ మందైనా కిడ్నీ సంగతి అడిగే వేసుకోవాలి. ఆయుర్వేదం వాడదలిస్తే చదువుకున్న వైద్యులున్నారు, విజయవాడలోనే ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్ళారు. బోదకాలు పురుగు మీద పనిచేసే మందు, ఈ రోజు కీళ్ళవాతానికి ఇస్తున్న మెథోట్రెక్సేట్ ఆయన బృందం చేతుల మీదుగా వచ్చినవే. ఆయన రెండు వైద్యాలూ చూసిన మనిషి. ఏదైనా పరీక్షకు నిలబడిందా లేదా అన్నదే చూశారు.

మనం పొలంలో చేసేదీ అదే కదా. ఘనజీవామృతం మంచిదని ఎవరో చెబితే పొలమంతా ఒకేసారి వెయ్యం. ముందు ఒక మడిలో వేస్తాం, పక్క మడితో పోల్చి, కోసి, తూకం వేసి, పుస్తకంలో రాస్తాం. ఒంటికీ అదే పద్ధతి:

బిళ్ళ వేసుకుంటూనే తిండి మార్చండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, బీపీ, బరువు, క్రియాటినిన్ రాసిపెట్టుకోండి. అంకెలు దిగితే మోతాదు డాక్టరే తగ్గిస్తారు. గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళ, ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ మరీ పడిపోయి కళ్ళు తిరిగి పడిపోతారు, అందుకే ముందే చెప్పాలి. టైప్ 1 వాళ్ళు ఇన్సులిన్ ఎప్పుడూ ఆపకూడదు. మూర్ఛ బిళ్ళలు, గుండె బిళ్ళలు సొంతంగా మానకూడదు.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకుందాం. సార్వా పోతే దాళ్వా ఉంటుంది. కిడ్నీ పోతే, చూపు పోతే మళ్ళీ నాటు వేసుకోలేం.

అమ్మేవాళ్ళుగా మనకూ బాధ్యత ఉంది. షుగర్ నయం చేసే మందని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆహారం జబ్బు నయం చేస్తుందని లేబుల్ మీద రాయడాన్ని ఆహార భద్రతా నిబంధనలూ ఒప్పుకోవు. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన మాట నమ్మి ఒకాయన వేలు పోగొట్టుకోబోయాడు.

ఇప్పుడు సంచి కడుతూ నేను చెప్పేది ఇంతే: "మందు కొట్టకుండా పండించాం, పీచు ఉంటుంది, కమ్మగా ఉంటుంది. కొలిచి వండుకోండి, కూర ఎక్కువ తినండి. బిళ్ళ మాత్రం మానకండి." ఆ పటమట ఆయన ఇప్పటికీ మా బియ్యమే తింటున్నారు. అన్నం సగం తగ్గించారు, పొద్దున్నే నడుస్తున్నారు. ఈ మధ్య డాక్టరు ఒక బిళ్ళ తగ్గించారని ఫోన్ చేసి చెప్పారు.